రాసుకునేదీ మందే!

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఎవరినైనా "మందులేమన్నా వాడుతున్నారా?" అని అడిగి చూడండి. "అబ్బే, ఏం లేవండీ" అంటారు. కాస్త గుచ్చి అడిగితే "నడుం నొప్పికి అప్పుడప్పుడూ ఓ బిళ్ళ" అంటారు. ఇంకాస్త గుచ్చితే డెస్కు సొరుగులోంచి ఓ స్ప్రే డబ్బా, లాప్‌టాప్ సంచీలోంచి ఓ జెల్ ట్యూబూ, ఇంట్లో మంచం పక్కన ఓ బామ్ సీసా బయటపడతాయి. వీటిని మందుల లెక్కలో వెయ్యకపోవడం మనకి అలవాటు. మింగితేనే మందు, రాసుకుంటే కాదు... ఇదీ మన సూత్రం.

ఈ సూత్రం తప్పని నా వాదన. నొప్పికి బిళ్ళ వేసుకుని, అది చాలట్లేదని పైన జెల్ రాసుకుంటే మనం రెండు వేరువేరు మందులు వాడుతున్నామనుకుంటాం. చాలాసార్లు అవి ఒకే కుటుంబానికి చెందిన మందులు, రెండు దారుల్లో ఒంట్లోకి వెళ్తున్నాయి, అంతే. దానివల్ల నొప్పి రెట్టింపు తగ్గదు, ప్రమాదం మాత్రం కొంత పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. ఊళ్ళో ఉన్న మన అమ్మానాన్నలకి మాత్రం పెద్ద విషయమే.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. పదిహేనేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాకపోతే వేరేవాళ్ళు రాసిన కోడు తెచ్చి వాడేముందు లోపల ఏముందో ఓసారి తెరిచి చూడ్డం మన వృత్తి నేర్పిన అలవాటు. అదే పని మందుల స్ట్రిప్పు మీద చేస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను.

మందుల షాపులో "నొప్పి" అనగానే చేతిలో పెట్టే సరుకు చూద్దాం. కాంబిఫ్లామ్‌లో ఉన్నవి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు. జీరోడాల్-పీలో అసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325. అదే జీరోడాల్-ఎస్‌పీ అయితే వీటికి తోడు సెరాషియోపెప్టిడేజ్ అనే ఎంజైమ్. వొవెరాన్ అంటే డైక్లోఫెనాక్. డోలో 650 అంటే ఒట్టి పారాసెటమాల్. ఇక పైపూతల్లోకొస్తే, వోలిని జెల్‌లో ఉన్నది మళ్ళీ డైక్లోఫెనాకే. దానికి మిథైల్ శాలిసిలేట్, మెంథాల్, అవిసె నూనె కలిపారు. మూవ్, ఐయోడెక్స్ డబ్బాల మీద గంధపుర తైలం అని ఉంటుంది. పేరు వినడానికి ఎంత చల్లగా ఉందో! అందులో ఉండేది ఆ మిథైల్ శాలిసిలేటే. అది ఆస్పిరిన్‌కి దగ్గర చుట్టం. ఆ మాటకొస్తే అసిక్లోఫెనాక్ కూడా డైక్లోఫెనాక్‌కి తోక తగిలించి తయారుచేసిందే.

అంటే షాపు నిండా వంద పేర్లు, వంద రంగులు. లోపల చూస్తే పట్టుమని పది మందులు కూడా లేవు. పైన తొడుగులు వేరు, లోపల లైబ్రరీ ఒకటే :)

ఇప్పుడు ఇవి ఎలా పనిచేస్తాయో రెండు ముక్కల్లో. దెబ్బ తగిలినచోట, వాపు వచ్చినచోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. నొప్పి తీవ్రంగా తెలియడానికి అవి ఒక కారణం. ఆస్పిరిన్ లాంటి మందులు వాటి తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్‌కి చెందిన జాన్ వేన్ కనిపెట్టాడు. 1982లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా కూడా వచ్చింది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్... ఇవన్నీ ఆ పనే చేసే కుటుంబం. డాక్టర్లు వీటిని ఎన్‌సెయిడ్లు అంటారు. పారాసెటమాల్ ఈ కుటుంబంలోది కాదు.

చిక్కెక్కడంటే, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి ఒక్కటే కాదు, మంచి పనులు కూడా చేస్తుంటాయి. కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడేది అవే. అవసరమైనప్పుడు కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేట్టు చూసేదీ అవే. బిళ్ళ మింగితే మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. మోకాల్లో ఆపమని పంపిస్తే కడుపులోనూ, కిడ్నీలోనూ కూడా ఆపేసి వస్తుంది.

ఇక్కడే పైపూత గొప్పతనం ఉంది, అది ఒప్పుకోవాలి. డైక్లోఫెనాక్ జెల్‌ని ఒక మోకాలికి రోజుకి 16 గ్రాముల చొప్పున రాస్తే రక్తంలోకి చేరేది బిళ్ళలు వేసుకున్నప్పుడు చేరేదానిలో సుమారు 6 శాతం. రెండు మోకాళ్ళకీ రెండు చేతులకీ కలిపి 48 గ్రాములు రాస్తే సుమారు 20 శాతం. అమెరికాలో ఆ జెల్‌తో ఇచ్చే సమాచారపత్రంలో ఉన్న అంకెలివి. అక్కడ రోజు మొత్తానికీ 32 గ్రాములు దాటొద్దంటారు. మనవాళ్ళు 30 గ్రాముల ట్యూబుని నెలంతా పొదుపుగా వాడతారు కాబట్టి ఒట్టి జెల్‌తో కొంప మునిగేది తక్కువే. అమెరికాలో డైక్లోఫెనాక్ జెల్‌ని 2020లో చీటీ లేకుండా అమ్ముకోనిచ్చారు కానీ బిళ్ళకి చీటీ కావాల్సిందే. కారణం ఈ తేడానే.

మరి నా గొడవేంటి? గొడవ "తోడు" దగ్గర. జెల్ అనేది బిళ్ళకి బదులుగా వాడాల్సిన వస్తువు. బిళ్ళ మీద అదనంగా వేసే తాలింపు కాదు.

ఈ మాట నా సొంతం కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ మోకాలి అరుగుదల గురించి 2022లో ఇచ్చిన సూచన ఏమిటంటే... మొదట పైపూత వాడండి, అది పనిచెయ్యకపోతేనో కుదరకపోతేనో అప్పుడు బిళ్ళ సంగతి చూడండి అని. రెండూ కలిపితే ఏమవుతుందన్నది కూడా పరీక్షించి చూశారు. 2009లో పెయిన్ అనే వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళలో కొందరికి డైక్లోఫెనాక్ ద్రావకం పూత, కొందరికి బిళ్ళ, కొందరికి రెండూ ఇచ్చి 12 వారాలు గమనించారు. రెండూ వాడినవాళ్ళకి ఒట్టి బిళ్ళ వాడినవాళ్ళకన్నా చెప్పుకోదగ్గ ఉపశమనం అదనంగా దొరకలేదు. మరోపక్క, ఆ ద్రావకంతో వచ్చే సమాచారపత్రంలోనే ఓ హెచ్చరిక ఉంది. నోటి ద్వారా తీసుకునే ఎన్‌సెయిడ్‌తో కలిపి వాడినప్పుడు మలద్వారం నుంచి రక్తం పడటం, క్రియాటినిన్, యూరియా, హిమోగ్లోబిన్ అంకెల్లో తేడాలు రావడం ఎక్కువగా కనిపించాయని. లాభం లేదు, నష్టం ఉంది. ఇలాంటి మార్పుని కోడ్ రివ్యూలో ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇది చదివి జెల్‌నీ బిళ్ళనీ ఎప్పుడూ కలపకూడదని అనుకోకండి. ఏ బిళ్ళ అన్నదే ప్రశ్న. లివరు బాగున్న మనిషి డైక్లోఫెనాక్ జెల్ రాసుకుని, మోతాదు దాటకుండా పారాసెటమాల్ వేసుకుంటే ఒకే కుటుంబాన్ని రెండుసార్లు పిలిచినట్టు కాదు. అదే జెల్ రాసుకుని జీరోడాల్-పీ వేసుకుంటే పిలిచినట్టే. పొద్దున జీరోడాల్, మధ్యాహ్నం కాంబిఫ్లామ్, రాత్రి పడుకోబోయే ముందు జెల్ అంటే కుటుంబం మొత్తాన్నీ పెళ్ళికి పిలిచినట్టు!

ఇప్పుడు అసలు విషయానికి, అంటే అమ్మానాన్నల దగ్గరికి వస్తాను.

మా టీములో ఒకతని నాన్నగారు రిటైరైన మేస్టారు. బీపీ ఉంది. రోజూ ఒక బిళ్ళ, టెల్మిసార్టాన్‌కి తోడు మూత్రం ఎక్కువగా పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది. మన ఇళ్ళల్లో ఈ జోడీ చాలా మామూలు. మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో మందుల షాపు అబ్బాయి ఇచ్చిన బిళ్ళలు రోజుకి రెండు చొప్పున మూడు వారాలు వాడారు. అది చాలక కొడుకు ఆన్‌లైన్లో పంపిన స్ప్రే. ఎండాకాలం. కాళ్ళ వాపులు, నీరసం. తీరా రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ రెండు దాటింది. డాక్టరు గారు ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఈయన చెప్పిన జవాబు, "బీపీ బిళ్ళ ఒక్కటేనండీ." అబద్ధం కాదు. ఆయన దృష్టిలో నొప్పి బిళ్ళ అంటే వాడుక కాదు, అవసరం. స్ప్రే అయితే అసలు మందే కాదు, టీవీలో చూపించే వస్తువు. సంచీ మొత్తం బల్లమీద కుమ్మరిస్తే గానీ సంగతి బయటపడలేదు. నొప్పి మందులన్నీ ఆపించారు, నెల తిరిగేసరికి అంకె దిగింది. అదృష్టవంతులు.

ఇక్కడ ప్రధాన ముద్దాయి బిళ్ళే, స్ప్రే వాటా చిన్నదే అయ్యుంటుంది. నిజమే. కానీ చూడండి, బీపీ మందు, మూత్రం మందు, నొప్పి మందు... ఈ మూడింటి కలయిక కిడ్నీలకి చేటని వైద్యులకి ఎప్పటినుంచో తెలుసు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో 4.87 లక్షల మంది బీపీ మందులు వాడేవాళ్ళ రికార్డులు పరిశీలించారు. ఈ మూడూ కలిసినప్పుడు కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం 31 శాతం పెరిగింది. మొదటి 30 రోజుల్లోనైతే 82 శాతం. మొదటి నెలే! "ఓ పదిరోజులు వాడితే ఏమవుతుందిలే" అని మనం సర్దిచెప్పుకునేది సరిగ్గా ఆ నెలనే. ఇలాంటి మనిషికి నొప్పి ఉంటే డాక్టర్ని అడిగి పారాసెటమాల్, జెల్ లాంటి తేలిక దారి ఎంచుకునే వీలుంటుంది. రెండూ నెత్తిన వేసేశాక ఇంకెక్కడి వీలు?

గుండెకి ఎకోస్ప్రిన్ వాడే పెద్దవాళ్ళదీ ఇదే కథ. ఐబుప్రొఫెన్ దాని పనికి అడ్డం పడగలదని అమెరికా ఎఫ్‌డీఏ 2006లోనే హెచ్చరించింది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకైతే గంధపుర తైలం ఉన్న బామ్‌ని మరీ ఎక్కువగా పట్టించినా రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గర్భిణులకి 20 వారాలు దాటాక ఈ కుటుంబం బిళ్ళలు వద్దని 2020లో చెప్పారు. ఇక మన ఊళ్ళల్లో వానాకాలం జ్వరం, ఒళ్ళునొప్పులు అంటే డెంగ్యూ ఏమోనన్న అనుమానం ఉండాలి. అప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి, కాబట్టి పారాసెటమాల్ తప్ప వేరేది ముట్టుకోకూడదు.

"గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నాగా!" అనే వాదన ఒకటి మన దగ్గర బాగా చలామణీలో ఉంది. పాంటాప్రజోల్ లాంటివి కడుపుని కొంత కాపాడతాయి. కిడ్నీనీ గుండెనీ కాపాడవు. హెల్మెట్ పెట్టుకున్నాం కదా అని మోకాలికి దెబ్బ తగలదా?

అసలు రాసుకునేది మందు కాదనే నమ్మకం మనకెలా వచ్చింది? నాకు తోచిన కారణం ఇది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. హైదరాబాదులో 1920 నుంచి జిందా తిలిస్మాత్ ఉంది. దాన్నైతే పైకీ రాస్తారు, లోపలికీ తాగుతారు. నాలుగు తరాలుగా ఇవి ఇంటి సామాన్లు, పసుపు కుంకుమ డబ్బాల పక్కనే ఉంటాయి. అమ్మ చెయ్యి, అమృతాంజనం వాసన... అందులో ఉన్న ఊరట నిజమే, నాకూ ఇష్టమే. కాకపోతే ఆ నమ్మకాన్ని తీసుకొచ్చి డైక్లోఫెనాక్ ట్యూబు మీద పెట్టేశాం. తలుపు పక్కన ఉండే బామ్ వేరు, మందుల పరిశ్రమ తయారుచేసిన జెల్ వేరు.

ఆ మాటకొస్తే బామ్ కూడా అంత అమాయకురాలేం కాదు. ఒక టీస్పూను గంధపుర తైలంలో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కి సమానమైన మందు ఉంటుంది, అంటే 20 బిళ్ళల పైమాటే. పిల్లలకి అందేచోట పెట్టకూడనిది అందుకే. 2007లో అమెరికాలో ఒక యువ రన్నర్ మరణానికి, కండరాల నొప్పులకి ఒంటి నిండా రాసుకున్న క్రీముల్లోంచి మిథైల్ శాలిసిలేట్ అతిగా ఒంట్లో చేరడమే కారణమని తేల్చారు. చాలా అరుదైన సంఘటనే, కానీ చర్మం గోడ కాదని తెలియడానికి చాలు. మన ఇళ్ళల్లో ఇంకో అలవాటు, బామ్ రాసి దానిమీద వేడినీళ్ళ కాపడం పెట్టడం. వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది, చర్మం కాలుతుంది. ఇలాంటి పూతలతో కాలిన గాయాలవుతున్నాయని 2012లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కాపడం కావాలంటే కాపడం, బామ్ కావాలంటే బామ్. రెండూ ఒకేసారి వద్దు.

డబ్బా మీద పేరు మారినా మందు మారదనడానికి మన దేశంలోనే ఓ ఘోరమైన ఉదాహరణ ఉంది. రాబందులు ఎందుకు పోతున్నాయో తెలియక జుట్టు పీక్కుంటున్న రోజుల్లో, 2004లో అసలు దోషి డైక్లోఫెనాక్ అని తేలింది. నొప్పికి ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. అప్పుడేం చేశారంటారా? మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు కొని పశువులకే పొడిచారు! 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసాని 3 మిల్లీలీటర్లకి కుదిస్తే గానీ దానికి కొంత అడ్డుకట్ట పడలేదు. రాబందు తట్టుకునే శక్తి వేరు, మనిషిది వేరు, రెంటికీ పోలిక పెట్టట్లేదు. చీటీ మీద ఏం రాసినా, ఏ దారిన వెళ్ళినా మందు తన పని తను చేస్తుందని చెప్పడానికే ఇదంతా.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ పేర్ల తికమక ఇంకో రూపంలో వస్తుంది. అమ్మానాన్నలు ఆర్నెల్లకి సరిపడా డోలో, జీరోడాల్ పెట్టెలో సర్దుకుని దిగుతారు. ఇక్కడ జలుబు చేస్తే మనం నైక్విల్ ఇస్తాం, ఒళ్ళు నొప్పులంటే టైలెనాల్ ఇస్తాం. పారాసెటమాల్‌కే అక్కడి పేరు ఎసిటమినోఫెన్. డోలో, టైలెనాల్, నైక్విల్ మూడింట్లోనూ అదే. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, బక్కపల్చగా ఉన్న ముసలివాళ్ళకి ఇంకా తక్కువ. అది దాటితే లివరు సంగతి మాట్లాడుకోవాల్సొస్తుంది. అడ్విల్ అంటే ఐబుప్రొఫెన్, అలీవ్ అంటే నాప్రోక్సెన్, వోల్టారెన్ అంటే డైక్లోఫెనాక్ జెల్. ఇవి పెట్టెలోని జీరోడాల్‌కి బంధువులే.

"ఇన్ని లెక్కలేసుకుంటూ కూర్చుంటే నొప్పెవడు భరిస్తాడు?" అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అని నేను అనట్లేదు. మన అమ్మలు మోకాలు పట్టుకుని మెట్లెక్కుతూ కూడా "ఏం లేదురా, బాగానే ఉన్నా" అంటారు, అది చూస్తే ఒళ్ళు మండుతుంది. నొప్పికి మందు వాడాల్సిందే. కానీ ఒకటి వాడి చూసి, చాలకపోతే దాన్ని ఆపి ఇంకోటి వాడటం వేరు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవడం వేరు.

మన సంగతీ చూసుకుందాం. 2020లో అమెరికా వైద్యసంఘాలు రెండు కలిసి బెణుకులూ దెబ్బల నొప్పులకి ముందు జెల్ వాడమన్నాయి. నడుం నొప్పిని మాత్రం ఆ సూచనల పరిధిలో చేర్చలేదు. రోజుకి పన్నెండు గంటలు కుర్చీలో వంగి కూర్చునే మనం అదే నడుం మీద సగం స్ప్రే డబ్బా ఖాళీ చేస్తాం. రిలీజ్ వారంలో బిళ్ళ, జెల్ కలిపి లాగించేస్తాం. పెయిన్ కిల్లర్ అలర్ట్‌ని మ్యూట్ చేస్తుంది, సర్వర్ని బాగుచెయ్యదు. లేచి పది నిమిషాలు నడవమంటే మాత్రం మీటింగుంది అంటాం.

కంపెనీలనీ, ప్రభుత్వాన్నీ అడగాల్సింది ఒకటుంది. ట్యూబు మీదా స్ట్రిప్పు మీదా, చీమ తలకాయంత ఇంగ్లీషులో కాకుండా, కనిపించే తెలుగులో ఒక్క వాక్యం రాయండి. "ఇది ఫలానా రకం నొప్పి మందు. ఇదే రకం ఇంకొకటి దీనితో కలిపి వాడవద్దు." అంతే. సినిమాకి ముందు పొగాకు హెచ్చరిక తెలుగులో వెయ్యగలిగినప్పుడు ఇది పెద్ద పని కాదు.

అది జరిగేదాకా మన పని మనం చేద్దాం. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మందుల డబ్బా వీడియోలో చూపించమనండి. బిళ్ళలే కాదు, ట్యూబులూ, స్ప్రేలూ, బామ్ సీసాలూ అన్నీ. ఒక కాయితం మీద బ్రాండు పేరు పక్కన లోపలి మందు పేరు రాయండి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఇలాంటివి రెండు కనిపిస్తే, లేదా వీటిలో ఒకటి బీపీ బిళ్ళ పక్కన కనిపిస్తే, ఆ కాయితం డాక్టరుకి చూపించండి. కాళ్ళ వాపు, మూత్రం తగ్గడం, తారులాంటి నల్లటి విరేచనం ఉంటే ఆదివారం దాకా కూడా ఆగొద్దు.

పావుగంట పని. మనం ఒక్క బగ్గు కోసం రాత్రంతా లాగులు చదువుతాం. నాన్నగారి స్ట్రిప్పు వెనక నాలుగు లైన్లు చదవలేమా?